హుసేన్‌బీ చేతిలో కరెంటు

మా అత్తవారి ఊళ్లో హుసేన్‌బీ పేరెత్తితే ఇప్పటికీ "ఆ కరెంటు గాజులామెనా?" అంటారు. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండుతుంది. జీవితమంతా ఊరి ఆడవాళ్ల చేతులు ఒళ్లో పెట్టుకొని గాజులు తొడిగిన మనిషికి చివరికి దక్కిన పేరు ఇదీ. అందుకే ఆమె సంగతి మొదటి నుంచి చెబుతాను. మా అత్తవారి వైపు వాళ్లకు కోపం వస్తే రానివ్వండి, నాకు వచ్చినంత రాదు.

ఆ ఊరు గద్వాలకు దగ్గరే. పొద్దున బయలుదేరితే ఎండ ఎక్కకముందే నడిచి చేరవచ్చు. నేను అక్కడికి కోడలిగా వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో. మా అత్త లక్ష్మీదేవమ్మకు మెట్ట చేలు, రెండు జతల ఎద్దులు, వాటన్నిటినీ మించిన నోరు ఉండేవి. వీధిలో ఎవరింట్లో ఏం జరగాలో మా అరుగు మీదే తేలేది.

హుసేన్‌బీ వాళ్లది గాజుల వ్యాపారం. భర్త నబీ సాబ్ గద్వాల నుంచి సరుకు తెచ్చేవాడు. ఆమె మలారం భుజాన వేసుకొని ఇల్లిల్లూ తిరిగేది. మలారమంటే రంగురంగుల గాజులను తాళ్లకు గుచ్చి కట్టిన పెద్ద కట్ట. దాని బరువుకు ఆమె కుడి భుజం కాస్త కిందికి దిగి ఉండేది. నేను కాపురానికి వచ్చిన మర్నాడే నాకు గాజులు తొడిగింది. కొలత అడగలేదు. నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకొని, బొటనవేలి కింది కండను మెల్లగా మడిచి, వేళ్ల మొదట్లో ఎముకలను దగ్గరకు నొక్కుతూ, మా పుట్టింట్లో ఎన్ని బర్రెలున్నాయని అడిగింది. నేను జవాబు చెప్పేలోగా గాజు మణికట్టు దాటింది. చివర్లో ఒక కొసరు గాజు వేసి, మణికట్టు మీద అరచెయ్యి ఆనించి "సల్లగుండు బిడ్డా" అంది. తెలియని ఊళ్లో నన్ను మెత్తగా తాకిన మొదటి చెయ్యి అదే.

గాజుల దగ్గర మా వైపు ఒక నియమం ఉంది. కడుపుతో ఉన్న ఆడదానికి ఏడో నెలలో ఒడి నింపి గాజులు తొడిగిస్తారు. ఆ రోజు ఏ చెయ్యి తొడగడం మొదలుపెడితే ఆ చెయ్యే రెండు చేతులూ పూర్తి చేయాలి. మధ్యలో మనిషి మారకూడదు. ఒక చెయ్యి బోసిగా ఉండగా చూలాలు పీట మీద నుంచి లేవకూడదు. లేస్తే బిడ్డకు కీడని మా అత్త లాంటి వాళ్లు ప్రాణం పెట్టి నమ్మేవారు. ఆ నమ్మకమే ఒకనాడు మా అత్తను పట్టేసింది. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

నేను వచ్చిన ఏడాదే వానాకాలంలో హుసేన్‌బీ తిరగడం మానేసింది. మొదట ఒంట్లో బాగాలేదన్నారు. నేను పచ్చిపులుసు పట్టుకొని చూడబోతే గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. నన్ను చూసింది కానీ పలకరించలేదు. తల దువ్వుకోలేదు. మలారం మూలన దుమ్ము పట్టి ఉంది. తిండి సహించదు, నిద్ర రాదు, ఏడుపు కూడా రాదు. "లోపల ఏం లేదు బిడ్డా, అంత ఎండిపోయింది" అని మాత్రం అంది. నెలలు గడిచినా అలాగే ఉండిపోయింది.

ఇక ఊరంతా కారణం వెతకడం మొదలుపెట్టింది. కొడుకు పోయాడా అంటే పోలేదు. మొగుడు కొట్టాడా అంటే నబీ సాబ్ చీమను కూడా తొక్కని మనిషి. చలిజ్వరం వస్తే ఎందుకొచ్చిందని ఎవరూ నిలదీయరు. దిగులు వస్తే మాత్రం రోగి సాక్ష్యం తెచ్చి చూపించాలి.

"పనిలేక వచ్చిన దిగులు. నాలుగు దినాలు కలుపుకు తోలితే అదే దిగుతది" అని మా అత్త తీర్పు చెప్పింది. ఎండలో మలారం మోస్తూ తిరిగిన మనిషికి పనిలేదట.

నబీ సాబ్ తనకు తెలిసిన దారులన్నీ తొక్కాడు. హకీం మందు తాగించాడు. తాయెత్తు కట్టించాడు. హిందువుల మాట విని జములమ్మ దేవతకు కోడిని కూడా ఇచ్చాడు. ఎవరో చెప్పారని నుదుటి మీద వాత పెట్టించారు. ఆ వాత పెట్టేటప్పుడు కూడా ఆమె అరవలేదని చూసినవాళ్లు గొప్పగా చెప్పుకున్నారు. అరవలేనంతగా మనిషి మునిగిపోయిందని ఒక్కరికీ తట్టలేదు.

ఒక రోజు ఆమె మోటబావి గట్టు మీద కాళ్లు లోపలికి వేలాడేసి కూర్చుని ఉంటే చూసినవాళ్లు లాక్కొచ్చారు. నబీ సాబ్ మా ఇంటికి వచ్చి అరుగు కింద కూలబడ్డాడు.

"నేను సరుకుకు పోతే చూసేటోళ్లు లేరక్కా. ఏం చెయ్యాల్నో తెల్వదు" అని ఏడ్చాడు.

మా అత్త లేచి కొట్టంలోకి వెళ్లి, ఎర్ర ఎద్దును కట్టే ఇనుప గొలుసు విప్పి తెచ్చింది.

"ఇది తీస్కపో. దర్గల కట్టేసి కొన్ని దినాలు ఉంచు. నెత్తికెక్కింది దిగుతది."

కృష్ణా నది అవతల ఒక దర్గా ఉండేది. మతి చెడిన వాళ్లను అక్కడ స్తంభాలకు కట్టి, సాంబ్రాణి పొగ వేసి, దువా చదివేవారు. దసరాకు పోయిన హుసేన్‌బీ ఉగాదికి తిరిగొచ్చింది. దిగులు ఇసుమంత కూడా కదల్లేదు. కుడి మడమ పైన మాత్రం గొలుసు ఒరుసుకొని పుండై, మానీ, నల్లటి కడియం లాంటి మచ్చ మిగిలింది. ఇంటికొచ్చాక కూడా నబీ సాబ్ బయటికి వెళ్లేటప్పుడల్లా అదే గొలుసుతో మంచం కోడుకు కట్టేసి పోయేవాడు. ఆయన్ను నేను పూర్తిగా తప్పు పట్టలేను. బావి ఆయన కళ్లముందే ఉండేది.

ఆ ఎండాకాలం హుసేన్‌బీ చెల్లెలు హాజిరా పట్నం నుంచి వచ్చింది. ఆమె అక్కడ ఒక డాక్టరు గారింట్లో వంట చేసేది. అక్కను చూసిన అరగంటలో ఆ గొలుసు చేత్తో పట్టుకొని మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది.

"ఇది ఎవరిది?"

"మాదే. మంచికే ఇచ్చినం" అంది మా అత్త, అరుగు దిగకుండానే.

"మంచిదైతే మీ ఇంట్లనే పెట్టుకోండి."

గొలుసు మా వాకిట్లో పడింది. మా అత్త దాన్ని తీసి, మట్టి దులిపి, కొట్టంలోకి తీసుకుపోయి మళ్లీ ఎర్ర ఎద్దుకు కట్టింది. నేను పేడ తీస్తూ చూశాను.

మర్నాడే హాజిరా అక్కను గద్వాల స్టేషన్‌లో రైలెక్కించింది. పట్నంలో ఒక దవాఖానకు కొత్తగా ఒక మిషన్ వచ్చిందని, ఏ మందుకూ లొంగని దిగులుకు తలలోకి కరెంటు పంపి నయం చేస్తున్నారని, ఆ డాక్టరు గారింట్లో మాటల మధ్య ఆమె విన్నదట. ఊళ్లో అందరూ ముక్కున వేలేసుకున్నారు. గొలుసు వేసినప్పుడు వేసుకోని వేలు అది.

అక్కడ జరిగింది హాజిరా తర్వాత నాకు చెప్పింది. దాచకుండా చెప్పింది కాబట్టి నేనూ దాచను. హుసేన్‌బీని బల్ల మీద పడుకోబెట్టి, నాలుక కొరుక్కోకుండా పళ్ల మధ్య రబ్బరు ముక్క పెట్టారు. ఉప్పునీళ్లలో తడిపిన మెత్తలు రెండు కణతలకూ ఆనించారు. నలుగురు ఆయాలు భుజాలూ నడుమూ పట్టుకున్నారు. మీట నొక్కగానే ఒళ్లు కట్టెలా బిగుసుకొని, తర్వాత మూర్ఛ వచ్చినట్టు కొట్టుకొని, చివరికి గురక పెడుతూ నిద్రలోకి జారింది. తలుపు సందులోంచి చూసిన హాజిరా లోపలికి ఉరికి డాక్టరు చొక్కా పట్టుకుందట.

"మా అక్కను సంపుతున్నరా, బతికిస్తున్నరా?"

ఆ డాక్టరు పెద్ద వయసు మనిషి. కోప్పడలేదట. "చూడడానికి భయంగా ఉంటదమ్మా. మాకూ సుఖంగా లేదు. మూర్ఛ వచ్చి పోయినంక దిగులు ఎందుకు తగ్గుతదో మాకూ పూర్తిగా తెల్వదు. అందరికీ తగ్గదు. తగ్గినోళ్లు మాత్రం లేచి అన్నం తింటున్నరు. మతిమరుపు వస్తది, నడుము నొస్తది. మళ్లీ రోగం తిరగబెట్టొచ్చు. వద్దంటే ఇప్పుడే తీస్కపో" అన్నాడు. తెలియనిది తెలియదని చెప్పిన మనిషి ఈ మొత్తం కథలో ఆయన ఒక్కడే. హాజిరా ఆలోచించి, ఉంచుతానంది.

వారానికి రెండుసార్లు చొప్పున ఆ వైద్యం సాగింది. మొదట ఏమీ మారలేదు. ఒకనాడు పొద్దున చెల్లెలు తెచ్చిన పప్పన్నం నోట్లో పెట్టుకొని హుసేన్‌బీ మొహం చిట్లించింది.

"గిదేం వంట? ఉప్పేది?"

హాజిరా ఆ గిన్నె పట్టుకొని వరండాలోకి వచ్చి ఏడ్చిందట. అక్క అంత కాలానికి తిండికి వంక పెట్టింది మరి.

హుసేన్‌బీ నడుము పట్టుకుంటూ, నవ్వుతూ ఊరికి తిరిగొచ్చింది. కొన్ని సంగతులు మరిచిపోయింది. దర్గా సంగతి, అంతకు ముందు వానాకాలం, అంతా చెరిపేసినట్టు పోయింది. కొందరి పేర్లు తడుముకునేది. మలారం దుమ్ము దులిపి భుజానికెత్తుకొని మొదటి రోజే వీధిలోకి బయలుదేరింది. ఆ పనే ఆమె బతుకు. డాక్టరు కూడా ఇంట్లో కూర్చోవద్దని, చేసే పని చేస్తుండమని మరీ మరీ చెప్పాడట.

ఒక్క ఆడదీ చెయ్యి ఇవ్వలేదు.

ఈ నిర్వాకం మాసయ్యది. మాసయ్య ఒకసారి పట్నం పోయి, హోటల్లో వెలుగుతున్న బల్బును తీసి చూడబోయి ఎగిరి అవతల పడ్డ ఘనుడు. ఆ ఒక్క అర్హతతో మా ఊరికి కరెంటు విషయంలో పండితుడయ్యాడు. "ఒంట్లకు పంపిన కరెంటు యాడికి పోతది? ఒంట్లనే ఉంటది. ముట్టుకుంటే పట్టుకుంటది" అని మా అరుగు మీద కూర్చొని సెలవిచ్చాడు. ఊళ్లో దీపం వెలిగించడానికి కరెంటు లేదు కానీ భయపడడానికి కావలసినంత దొరికింది.

"నబీ సాబ్ ఆమె చేతి అన్నమే తింటున్నడు గద, ఆయనకేం కాలేదేం?" అని నేను అడిగాను.

"మొగుడు గద, అలవాటైంటది" అంది మా అత్త.

హుసేన్‌బీ రోజూ బయలుదేరేది, రోజూ అదే బరువుతో తిరిగొచ్చేది. ఆడవాళ్లు గాజులు ఏరుకొని, "ఆడ పెట్టు, మేమే తొడుక్కుంటం" అనేవారు. చిన్నపిల్లలు ఆమె నీడ తొక్కకుండా పక్కకు దూకేవారు. కొన్ని రోజులకు ఆమె మళ్లీ గోడకు ఆనుకొని కూర్చోవడం చూశాను. నాకు భయమేసింది. ఆ రోగం మళ్లీ రావచ్చని డాక్టరు చెప్పిన మాట గుర్తొచ్చింది. దాన్ని పిలిచి మరీ తెస్తున్నది మా వీధే.

అప్పటికి నాకు ఏడో నెల. ఒడి నింపాలి. గాజులకు హుసేన్‌బీని పిలవకపోతే నేను పీట మీద కూర్చోనని చెప్పాను. మా అత్త ఇంటి కప్పు లేచిపోయేలా అరిచింది. నేను కదల్లేదు. చివరికి మాసయ్య దగ్గరికే సలహాకు పోయింది. కట్టెలోంచీ పట్టులోంచీ కరెంటు పారదని ఆ మహానుభావుడు చెప్పాడు. ఇంకేం, రాజీ కుదిరింది. హుసేన్‌బీని చెక్కపీట మీద కూర్చోబెట్టాలి. చేతులకు పట్టుగుడ్డ చుట్టాలి. మా అత్త తన పాత గద్వాల చీర పట్టు కొంగు చింపి ఇచ్చింది.

ఆ రోజు మా వాకిలి నిండా ఆడవాళ్లే. హుసేన్‌బీ వచ్చి పీట మీద కూర్చుంది. గుడ్డ చూసి అర్థం కాక నా వైపు చూసింది. మా అత్త దూరం నుంచే వివరించింది. హుసేన్‌బీ కాసేపు తల దించుకుంది. తర్వాత రెండు చేతులూ చాపి గుడ్డ చుట్టించుకుంది. కాలిన చేతులకు కట్టు కట్టినట్టు వేళ్లన్నీ కలిపి చుట్టారు. అది చూసి నవ్విన వాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల పేర్లు నాకు గుర్తున్నాయి.

నా ఎడమ చెయ్యి పట్టుకుంది. గుడ్డలోంచి ఆమెకు నా ఎముక తగలడం లేదు. పట్టు జారుతోంది. రెండు గాజులు ఎలాగో దాటించింది. మూడోది ఎముక మీద పడి చిట్లింది. నా మణికట్టు కోసుకొని రక్తం కారింది.

ఏడో నెల ఒడిలో గాజు చిట్లడం. వాకిలంతా గొల్లుమంది.

"చెప్పిన గద, కరెంటు కొట్టింది" అంది మా అత్త. "లేవే హుసేన్‌బీ. నా కోడల్ని ముట్టకు. పో."

హుసేన్‌బీ లేవలేదు. పళ్లతో ముడి పట్టి లాగి, ఒక్కో చుట్టూ విప్పి, గుడ్డను మా అత్త కాళ్ల దగ్గర పెట్టింది.

"లక్ష్మీదేవమ్మక్కా, ఈ చెయ్యి నేను మొదలువెట్టిన. నేను పోతే నీ కోడలు సగం గాజులతోటి పీట దిగాలె. సరేనంటే పోత. లేదంటే వట్టి చేతుల్తోనే తొడుగుత. గుడ్డ చుట్టుకోను."

మా అత్త కాళ్ల దగ్గరి గుడ్డను చూసింది, నా చేతిని చూసింది. ఒక పక్క కరెంటు, ఇంకో పక్క బోసి చెయ్యి. ఏ భయానికి ఎక్కువ భయపడాలో ఆమెకు తేలలేదు. ఆమె తేల్చుకునేలోగా నేను కుడి చెయ్యి కూడా చాపి హుసేన్‌బీ ఒళ్లో పెట్టేశాను.

ముందు నా గాయం మీద తన కొంగుతో అద్దింది. తర్వాత వట్టి వేళ్లతో నా చెయ్యి పట్టుకుంది. "నీకు కొడుకైతే ఏం పేరు పెడ్తవ్?" అని అడిగింది. నేను చెప్పేలోగా గాజు దాటింది. రెండు చేతులూ నిండాయి. కొసరు గాజు వేసి, అరచెయ్యి ఆనించి, "సల్లగుండు బిడ్డా" అంది. నాకేం కాలేదు. కడుపులో బిడ్డ కాలితో తన్నింది, అంతే.

చూస్తున్న వాళ్లలో మొదట పక్కింటి సత్తెమ్మ ముందుకొచ్చి చెయ్యి ఇచ్చింది. ఆమె వెనక ఇంకొకరు. కాసేపటికి వాకిట్లో వరుస కట్టారు. హుసేన్‌బీ ముఖంలోకి రంగు వచ్చింది. అందరూ అయ్యాక మా అత్త కూడా వచ్చి ఎదురుగా కూర్చుంది. ఇంటి పెద్దకు గాజులు పడకపోతే బాగుండదు మరి. ఏమీ జరగనట్టు నవ్వుతూ చెయ్యి చాపింది.

హుసేన్‌బీ ఆ చేతికి గాజులు ఏరుతూ, కాలు ముడుచుకోబోయి ఆగింది. చీర కుచ్చిళ్లు కాస్త పైకి లాగి మడమ పైన ఆ నల్ల మచ్చను చూపించింది.

"అక్కా, మతి పోయినంక కొన్ని దినాలు నాకు యాదికి లేవు. ఈ మచ్చ ఎట్లొచ్చిందో మా ఆయనను అడిగితే చెప్పడు, ఏడుస్తడు. చెల్లె అడగొద్దంటది. నీకేమన్న ఎరుకనా?"

మా అత్త చాపిన చెయ్యి అలాగే ఉంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా గాజులు చూసుకోవడంలో మునిగిపోయారు.

"ఏమోనే, చిన్నప్పుడు యాడన్న పడ్డవేమో" అంది మా అత్త.

నాకు ఆ క్షణం వచ్చినంత కోపం జీవితంలో మళ్లీ రాలేదు.

"అది గొలుసు మచ్చమ్మా" అన్నాను. "దర్గల నిన్ను కట్టేసిన్రు. ఆ గొలుసు మా కొట్టంలదే. మా అత్తనే ఇచ్చింది."

హుసేన్‌బీ మా అత్త మొహంలోకి చాలాసేపు చూసింది.

"ఇప్పుడు యాడుందది?"

కొట్టంలో ఎర్ర ఎద్దు మెడ విదిలించింది. గొలుసు చప్పుడు అందరికీ వినబడింది. హుసేన్‌బీ అటు తిరిగి చూసింది.

"నన్ను కట్టిన గొలుసు ముట్టుకుంటే మీకేం అంటలేదు" అంది మెల్లగా. "నా చెయ్యే అంటుతదనుకున్నరు."

ఏరిన గాజులను తిరిగి తాడుకు గుచ్చి, మలారం కట్టి, భుజాన వేసుకొని లేచింది. "నీ చెయ్యి నేను పట్టనక్కా" అని చెప్పి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆమె చాలా ఏళ్లు ఆ వీధిలో తిరిగింది. మధ్యలో దిగులు తిరగబెడితే హాజిరా వచ్చి పట్నం తీసుకుపోయేది, నయమై వచ్చేది. నా ముగ్గురు పిల్లల ఒడి గాజులూ ఆమె చేతివే. నన్ను చూడడానికి మా గడపలోకి వచ్చినా, మా అత్త చేతి వైపు మాత్రం చూడలేదు. మా అత్త గాజులు కొనుక్కొచ్చి తనే తొడుక్కునేది. ప్రతిసారీ ఒకటో రెండో చిట్లి మణికట్టు కోసుకునేది. పసుపు తెచ్చి అద్దమని నన్ను పిలిచేది. నేను పసుపు అద్దేదాన్ని, ఒక్కసారి కూడా అయ్యో అనలేదు.